గిన్నె అడుగున సింహం

గిన్నె అడుగున సింహం ఉంటే మా నాన్న పెద్దమనిషి, లేకపోతే దొంగ. తొంభైల చివర్లో ఒక ఎండాకాలం మా ఇంటి సంగతి అలా ఉండేది. సహజంగా నేను భయస్తురాలిని కాను. ముక్కు మీద కోపం, నోరు ఊరుకోదు, బస్సులో కాలు తొక్కినవాణ్ణి దిగేదాకా వదలను. అలాంటిదాన్ని ఆ ఎండాకాలం మాత్రం ఫోను మోగితే చాలు, ఒంట్లో ప్రాణం ఉండేది కాదు.

అప్పుడు నేను బందరులో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేదాన్ని. అమ్మా నాన్నా దివిసీమలో, కోడూరు దాటాక మా ఊళ్ళో, ఉప్పెన తర్వాత కట్టిన కాలనీ ఇంట్లో ఉండేవాళ్ళు. నాన్న మిషను స్కూల్లో మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మా చర్చిలో ప్రభువు బల్లకి, అంటే రొట్టే ద్రాక్షరసమూ పంచుకునే ఆరాధనకి, వాడే వెండి గిన్నె మా ఇంట్లోనే ఉండేది. ముత్తాత కాలం నుంచీ దాన్ని దాచేది మా ఇంటివాళ్ళే. నెలకోసారి, బల్ల ఆదివారం పొద్దున, నాన్న దాన్ని తెల్లటి తువ్వాలులో చుట్టి రెండు చేతులతో పట్టుకుని నడిచి వెళ్తుంటే, ఎదురొచ్చినవాళ్ళు సైకిలు దిగి పక్కకి తప్పుకునేవాళ్ళు. ఆయనకి ఆస్తీ లేదు, అధికారమూ లేదు. ఊళ్ళో ఉన్న గౌరవమంతా ఆ నడకలోనే ఉండేది.

పేరుకి గిన్నె అనేవాళ్ళం గానీ నిజానికి అది పొడుగాటి గ్లాసు. కాడ లేదు, పైకి పోయేకొద్దీ కాస్త విచ్చుకుంటుంది. బందరులో డచ్చివాళ్ళ వర్తకం సాగిన రోజుల్లో వాళ్ళ ఇళ్ళలో తాగడానికి వాడినదట. వాళ్ళు వెళ్ళిపోయాక ఎవరెవరి చేతులు మారిందో తెలీదు, చివరికి ఒక దొరసాని మా చర్చికి ఇచ్చిందని చెప్పుకునేవాళ్ళు. బల్లకి ముందురోజు ఆడవాళ్ళు మా పెరట్లో చేరి చింతపండూ ఊక బూడిదా పెట్టి దాన్ని తోమేవాళ్ళు. ఆ పని చేస్తే ఇంటికి ఆశీర్వాదమని వంతులు వేసుకుని మరీ తోమేవాళ్ళు. అంచు కింద చెక్కిన పూలతీగ వాళ్ళ భక్తికి తట్టుకోలేక సగం అరిగిపోయింది. అడుగున మాత్రం లోతుగా కొట్టిన చిన్నచిన్న ముద్రలు ఉండేవి. వాటిలో ఒకటి ఏదో జంతువు బొమ్మ. మా నాయనమ్మ దాన్ని కుక్కపిల్ల అనేది. చర్చి ఆడవాళ్ళందరికీ అది కుక్కపిల్లే.

తర్వాత ఉప్పెన వచ్చింది. దివిసీమలో ఉప్పెన అంటే ఏ ఉప్పెన అని ఎవరూ అడగరు. నాయనమ్మ పోయింది. నా తమ్ముడు పోయాడు. నీళ్ళు తీశాక నన్ను గూడూరులో పిన్ని ఇంటికి పంపేశారు. నేను తిరిగొచ్చేసరికి తమ్ముడికి సమాధి ఉంది, చర్చికి గోడలు లేవు. గిన్నె మాత్రం ఉంది. నాన్న బురదలో వెతికి పట్టుకున్నాడట. సొట్టలు పడి, అడుగు చిట్లిపోయి ఉంటే అవనిగడ్డలో కంసాలికి ఇచ్చి బాగుచేయించాడు. ద్రాక్షరసం కారకుండా ఆ కంసాలి అడుగున లక్క నింపి, దాని మీద రాగి బిళ్ళ బిగించాడు. ముద్రలు ఆ బిళ్ళ వెనక్కి పోయాయి.

మా వైపు వెండి బంగారాలు కంసాలికి అప్పగించి ఇంటికి వచ్చేయడం అనేది లేదు. పని ఎంతసేపు పట్టినా అతని ఎదురుగా పీట వేసుకుని కూర్చోవాలి, కన్ను పక్కకి తిప్పకూడదు. మంచినీళ్ళకి లేవాలన్నా ఇంకొకర్ని కూర్చోబెట్టి లేస్తారు. కంసాలులు కూడా దానికేమీ అనుకోరు. ఆ క్రిస్మసుకి నాన్న గిన్నె తెచ్చి, తాటాకు పందిరి కింద సంఘం ముందు నిలబడి, దగ్గర కూర్చుని చేయించాను, ఇది మన గిన్నే అని చెప్పాడట. ఆ మాట మీద అందరూ తాగారు. ఏళ్ళ తరబడి తాగుతూనే ఉన్నారు.

ఇదంతా ఎవరూ కదపకపోతే అలాగే ఉండేది. ఆ ఏడు బందరులో డచ్చివాళ్ళ సమాధులు చూడ్డానికి హాలెండు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. పాత వెండి సామాను గురించి చదువుకున్న మనిషి. దివిసీమలో ఒక చర్చిలో అలాంటి గిన్నె ఉందని ఎవరో చెబితే చూస్తానంది. ఇంగ్లీషు వచ్చు కదా అని పాస్టరు గారు నన్ను కూడా రమ్మన్నారు. ఆవిడ చర్చి బెంచీ మీద కూర్చుని, సంచీలోంచి ఒక జిరాక్సు కాగితం తీసి నాకు విడమరచి చెప్పింది. వాళ్ళ దేశంలో ఆ రోజుల్లో వెండి వస్తువు చేస్తే నాలుగు ముద్రలు పడాలట. కిరీటం పెట్టుకుని వెనక కాళ్ళ మీద నిలబడిన సింహం ఉంటే వెండి నాణ్యమైనది. కిరీటం కింద ఒకదాని మీద ఒకటిగా మూడు ఇంటూ మార్కులు ఉంటే అది ఆంస్టర్‌డాం పట్నంలో చేసినది. ఒక అక్షరం ఉంటుంది, అది ఏ ఏటిదో చెబుతుంది, ఏటేటా మారుతుంది. నాలుగోది చేసినవాడి సొంత గుర్తు.

ముద్రలతో పాటు ఒక వంకర గీత కూడా చూడాలని చెప్పింది. వెండిని పరీక్ష చేసేవాడు ఉలితో అటూ ఇటూ కదుపుతూ సన్నటి పొర గీసి తీసుకునేవాడట. ఆ గీత పాము పాకినట్టు వస్తువు అడుగున ఉండిపోతుంది, దాన్ని చెరపరు. నకిలీ చేసేవాళ్ళు పాత ముద్రల్ని అచ్చు తీసి పోతపోస్తారట. అప్పుడు సింహం చుట్టూ సన్నటి పొక్కుల్లాంటివి లేస్తాయి, గీతకి పదును ఉండదు, మొద్దుబారి ఉంటుంది. నాకు ఆ సంగతులన్నీ భలే నచ్చాయి. కుక్కపిల్ల సింహమని తెలిసి ఆడవాళ్ళు కూడా నవ్వుకున్నారు.

అప్పుడు ఆవిడ గిన్నెని తిరగేసింది. రాగి బిళ్ళని చూసి, అంచు కింద అరిగిన పూలతీగని చూసి, ఇది తీస్తే తప్ప ఏమీ చెప్పలేనంది. ఇలాంటివి ఇప్పుడు చాలా అరుదు, చాలాచోట్ల అసలువి పోయి నకిలీలు మిగిలాయి, జాగ్రత్తగా పెట్టుకోండి అని కూడా అంది. నేను ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. ఆవిడ కాగితం నా చేతిలో పెట్టి, అందరికీ దణ్ణం పెట్టి కారెక్కింది. ఆ కారు కరకట్ట ఎక్కకముందే వెనకనుంచి ఎవరో అన్నారు, ఉప్పెన ముందు ఈ పూలు ఇంతకంటే బాగా కనిపించేవి కదా అని.

అంతే. ఆ వారంలో ఊరు ఊరంతా వెండి పండితులైపోయారు. గిన్నె ఇదివరకు బరువుగా ఉండేదని ఒకరు, ఇంత తెలుపు కాదని ఒకరు. లక్షలు పలుకుతుందంట అని ఒకరు. ముద్రలు బిళ్ళ వెనక్కి ఎందుకు పోయాయి, ఎవరు పంపించారు? నోరు తెరిచి దొంగ అనలేదు ఎవరూ. శనివారం మా పెరట్లోకి తోమడానికి మాత్రం ఒక్క ఆడమనిషి రాలేదు.

మా చర్చి ట్రెజరరు నాన్నకి బావ వరస, నాకు మావయ్య. ఉప్పెన తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకుని, రొయ్యల చెరువులతో పైకొచ్చిన మనిషి. అరిచేవాళ్ళంటే నాకు లెక్కలేదు, రెండింతలు అరుస్తాను. ఈయన అరవడు. మెల్లగా, నవ్వు మొహంతో మాట్లాడతాడు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ నాన్న పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేశాడు.

"బావా, నువ్వు తీశావని నేననడం లేదు. బిళ్ళ విప్పించి చూద్దాం. కుక్కపిల్ల కనబడిందనుకో, నీ కాళ్ళకి దణ్ణం పెడతాను. కనబళ్ళేదనుకో, అప్పుడు చూద్దాం."

నాన్న ఒప్పుకుంటాడనుకున్నాను. తప్పు చేయని మనిషి విప్పుకోండి అంటాడు కదా. నాన్న తల అడ్డంగా ఊపాడు. బల్ల మీద పెట్టే వస్తువుని కుంపట్లో పెట్టడానికి వీల్లేదు, ఇన్నాళ్ళు తాగారు కదా, ఇక ముందూ తాగండి అన్నాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి. అది నేను చూశాను, నాతోపాటు చర్చి మొత్తం చూసింది.

ఇంటికొచ్చాక అమ్మ గొంతు తగ్గించి, నువ్వు రహస్యంగా బందరు తీసుకుపోయి విప్పించి చూడకూడదా అంది. నాకూ ఆ ఆలోచన రాకపోలేదు. కానీ అవతల మావయ్య మా ఇంట్లో కూర్చుని విన్నట్టే, సాయంత్రానికల్లా పాస్టరు గారిని వెంటబెట్టుకుని వచ్చాడు. తేలేదాకా గిన్నె పాస్టరు గారి ఇంట్లో ఉంటే మంచిదన్నాడు. ఎందుకు మావయ్యా అని నేను తగులుకున్నాను. ఏం లేదమ్మా, నువ్వుండేది బందరు, పక్కనే చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకి అచ్చులు కొట్టేవాళ్ళు ఇంటికొకరున్నారు, వాళ్ళకి ఒక సింహం కొట్టడం ఎంత పని చెప్పు అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు అనేదాన్నే, నాన్న నా వైపు చూసిన చూపుకి నోరు పెగల్లేదు. ఆయన లోపలికెళ్ళి గిన్నె తెచ్చి, తువ్వాలుతో సహా ఇచ్చేశాడు. తువ్వాలు అమ్మ కుట్టినది. దాన్నయినా తిరిగివ్వమని అడగడానికి అమ్మకి నోరు రాలేదు.

తర్వాతి నెల బల్లకి స్టీలు గ్లాసు వాడారు. నాన్న చర్చికి వెళ్ళలేదు. తర్వాత వీధిలోకి వెళ్ళడం మానేశాడు, ఆ తర్వాత అన్నం. అమ్మ ఎస్టీడీ బూతుకి నడిచి వెళ్ళి ల్యాబుకి ఫోను చేసేది. ఒకరోజు, ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బా పక్కింటివాళ్ళకి ఇచ్చేశానే, అని చెప్పి ఫోను పెట్టేసింది. నేను కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. ఎదురుగా ఎవరిదో రక్తం గాజుపలక మీద ఆరిపోతోంది.

ఇక్కడ దాచకుండా చెప్పాలి. నా భయం ఊరివాళ్ళ గురించి కాదు. ఉప్పెన తర్వాత మాకు పక్క మీద పరుచుకోవడానికి గుడ్డ లేదు. అలాంటిది, ఆ మరుసటేడే నన్ను బందరులో హాస్టల్లో వేశారు. పుస్తకాలు, బట్టలు, పెట్టె, అన్నీ కొత్తవి. మిషను స్కూలు మాస్టారి జీతంతో అవి ఎలా వచ్చాయని నేను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అదే ప్రశ్న పొద్దస్తమానం బుర్రలో తిరిగేది. తమ్ముడు పోయాడు, మిగిలిన పిల్లనైనా ఒడ్డున పడేయాలని ఏ తండ్రికైనా అనిపిస్తుంది కదా. నేను తిన్న తిండీ, చదివిన చదువూ, కూర్చున్న ఈ కుర్చీ, అన్నీ ఆ గిన్నె అమ్మితే వచ్చినవేమో. నాన్నని అడుగుదామంటే, అవునంటాడేమోనని భయం.

చివరికి చర్చి కమిటీ వాళ్ళే తేల్చేశారు. అవనిగడ్డలో, బందరులో అయితే తెలిసినవాళ్ళుంటారు, ఎవరూ ఎవరికీ తెలియని గుడివాడలో విప్పిద్దాం, సోమవారం రమ్మని నాన్నకి కబురు పెట్టారు. నేను సెలవు పెట్టి ముందురోజే ఊరెళ్ళాను. సోమవారం పొద్దున మావయ్య వ్యాను తెచ్చి ఇంటి ముందు ఆపాడు. లోపల పాస్టరు గారూ, ఇంకో ఇద్దరు పెద్దలూ. గిన్నె పాస్టరు గారి ఒళ్ళో ఉంది. నాన్న దాన్ని చూసి, మీరు పదండి, మేం బస్సులో వస్తాం అన్నాడు.

అవనిగడ్డలో బస్సెక్కాం. పులిగడ్డ వంతెన దాటుతుంటే కింద కృష్ణలో నీళ్ళు సన్నగా ఉన్నాయి. నాన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. చొక్కా వదులైపోయి, భుజాల మీద హేంగరుకి తగిలించినట్టుంది. చల్లపల్లిలో బస్సు ఆగినప్పుడు, నా వైపు తిరక్కుండానే మాట్లాడాడు.

"నేను దగ్గర కూర్చుని చేయించలేదమ్మా."

నాకు ముందు అర్థం కాలేదు. ఏం చేయించలేదు అన్నాను.

"గిన్నె. అవనిగడ్డ కంసాలి దగ్గర వదిలేసి వెళ్ళిపోయాను. వాడేం చేశాడో నాకు తెలీదు."

అలా ఎలా వెళ్తావు, చర్చి గిన్నె వదిలేసి ఎవరైనా వెళ్తారా, ఎందుకు వెళ్ళావు అని గుక్కతిప్పుకోకుండా అడిగాను. బస్సులో వాళ్ళు తిరిగి చూశారు. పని పడింది అన్నాడు నాన్న. ఏం పని అన్నాను. ఆయన మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. ఎన్నిసార్లు అడిగినా ఇంక పలకలేదు.

పామర్రు దాకా నేను లెక్కలు వేస్తూనే ఉన్నాను. అంటే నాన్న తీయలేదు. అది వినగానే ఏడుపొచ్చేంత తేలికయింది ప్రాణం. వెంటనే ఇంకో భయం పట్టుకుంది. కంసాలి తీసి ఉంటే? ఉప్పెన రోజులు, ఎవరి వస్తువు ఎవరి చేతిలో ఉందో ఎవరికీ తెలియని రోజులు. నకిలీది పోతపోసి, నిజం బయటపడకుండా బిళ్ళ వేసి ఇచ్చి ఉంటే? ఇప్పుడు అడుగున సింహం లేకపోతే, నేను కూర్చోలేదు అని నాన్న చెప్పినా ఎవరు నమ్ముతారు? ఇన్నాళ్ళూ కూర్చున్నానని చెప్పి ఇప్పుడు మాట మారుస్తున్నావు అంటారు. నేను నాన్న చెయ్యి పట్టుకుని, ఏం జరిగినా ఈ మాట మాత్రం ఎవరితో అనకు నాన్నా, నీకు పుణ్యముంటుంది అని బతిమాలాను. ఆయన ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు.

గుడివాడలో వెండి కొట్టు బజారు మధ్యలో ఉంది. వెనక గదిలో పని. మేం వెళ్ళేసరికి అందరూ బెంచీల మీద కూర్చుని ఉన్నారు. మావయ్య లేచి నాన్నకి చోటిచ్చాడు. పనివాడు గిన్నెని బోర్లించి, బొగ్గుల సెగ చూపించాడు. లక్క కరిగి వాసన వచ్చింది. పట్టకారుతో బిళ్ళ అంచు పట్టుకుని లాగితే, అది జిగురుతో సాగుతూ ఊడి వచ్చింది. అందరూ ముందుకి వంగారు. అడుగంతా నల్లగా ఉంది. కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. అప్పటికీ నలుపే. బొమ్మా లేదు, గీతా లేదు.

పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. నాన్న కళ్ళు మూసుకున్నాడు. నాకు వెక్కి వెక్కి ఏడవాలనిపించింది, లేదా ఆ కుంపటి ఎత్తి వీధిలోకి విసిరేయాలనిపించింది. పనివాడికి మా గొడవ ఏం తెలుసు, తన పాటికి తను చింతపండు నీళ్ళు మరిగించి అందులో గిన్నె వేశాడు. తర్వాత తీసి, బ్రష్షుతో రుద్ది, నీళ్ళు పోసి కడిగాడు.

"అదిగో కుక్కపిల్ల," అన్నారు పెద్దల్లో ఒకరు.

సింహం ఉంది. కానీ సింహం ఒక్కటే ఉంటే చాలదని అక్కడ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. సంచీలోంచి కాగితమూ, ల్యాబు భూతద్దమూ తీశాను. మోచేయి బల్ల మీద ఆనించి చూశాను. కిరీటం, ఎత్తిన ముందు కాళ్ళు, చుట్టూ నున్నటి వెండి. పొక్కులు లేవు. పక్కన మూడు ఇంటూ మార్కులు, వాటి మీద కిరీటం. ఆ పక్కన ఒక అక్షరం. చేసినవాడి గుర్తు ఉండాల్సిన చోట గిన్నె చిట్లిన గీత అడ్డంగా పోయి, సగమే మిగిలింది. అంచు వైపు అద్దం జరిపితే వంకర గీత కనిపించింది. వేలి గోరు పెట్టి చూశాను. పదును గోటికి తగిలింది.

అసలుదే అని చెప్పాను. చెప్పానో అరిచానో తెలీదు. ఒక్కొక్కరూ వచ్చి భూతద్దంలో చూశారు. పాస్టరు గారు అద్దం తిరగేసి పట్టుకుని చూసి, చాలా స్పష్టంగా ఉందన్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎన్ని వారాల తర్వాతో ఆకలేసింది. ఇంక ఇంటికి పోయి అమ్మతో చెప్పి, ఆవకాయ అన్నం కలిపించుకుని తినాలనుకున్నాను.

మావయ్య లేచి నిలబడ్డాడు. నిజంగానే నాన్న కాళ్ళ దగ్గరికి వంగాడు. నాన్న ఆయన భుజాలు పట్టుకుని ఆపాడు.

"నువ్వు దగ్గర కూర్చుని చేయించావు కాబట్టి మన గిన్నె మనకి మిగిలింది బావా," అన్నాడు మావయ్య. "ఆదివారం చర్చిలో ఈ మాట నేనే చెబుతాను."

నాన్న మొహం చూశాను. గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాను. ఊరుకో నాన్నా, అయిపోయింది, ఇంక ఎవరూ అడగరు, ఊరుకో.

"కూర్చోలేదు బావా," అన్నాడు నాన్న.

మావయ్యకి అర్థం కాలేదు. పాస్టరు గారు అద్దం కింద పెట్టారు.

"కుంపటి ఎదురుగా పీట మీద కూర్చున్నాను. అప్పుడే మన ఊరి నుంచి మనిషొచ్చాడు. మావాడు దొరికాడని చెప్పాడు. గిన్నె అక్కడే వదిలేసి పరిగెత్తాను. మట్టి చేసి, నాలుగు రోజులు పోయాక వెళ్తే, కంసాలి మెరిసిపోతున్న గిన్నె నా చేతికిచ్చాడు. మనదో కాదో నాకు తెలీలేదు. తెలీకుండానే బల్ల ముందు నిలబడి మనదని చెప్పాను. ఇన్నేళ్ళూ మీ అందరి చేతా తాగించాను."

దొరికాడు అన్న మాట మా ఇంట్లో నేను ఎప్పుడూ వినలేదు. తమ్ముడికి సమాధి ఉందని తెలుసు. ఆ సమాధిలోకి వాడు ఎలా వచ్చాడో, ఎవరు తెచ్చారో, నాన్న ఎక్కడినుంచి పరిగెత్తాడో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు ఇంతమంది మధ్య విని ఒళ్ళు చల్లబడిపోయింది. అయినా, సిగ్గులేని భయం, నా కళ్ళు మావయ్య మొహం మీదే ఉన్నాయి. చర్చిలో అబద్ధం చెప్పాడని అంటాడు. మాస్టారి మీద కమిటీ పెడతాడు. వచ్చిన గౌరవం వచ్చినట్టే పోతుంది. ఏమంటాడో అని చూస్తున్నాను.

మావయ్య మెల్లగా బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన మొహంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

"ఎక్కడ దొరికాడు బావా?" అని అడిగాడు.

"హంసలదీవి పోయే దారిలో. తుమ్మ కంపలో."

మావయ్య తల ఊపాడు. ఆ దారి ఆయనకి బాగా తెలుసు, ఆయన చెరువులు అటువైపే.

"మా పిల్లలిద్దరూ దొరకలేదు," అన్నాడు. "ఇప్పటికీ ఆ దారిన వెళ్తే కంపల్లోకి చూస్తానే ఉంటాను."

నాన్న నా చెయ్యి విడిపించుకుని వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు.